లావు అక్షరాల ఉత్తరం

మౌస్ నాకంటే ముందు నా భార్యకి లొంగింది. ఆ వానాకాలం మా ఇంట్లో జరిగినదానికంతటికీ అదే మొదలు. ఒక ప్లాస్టిక్ ముక్క ఎవరి మాట ముందు వింటే ఏం పోయిందని మీరు అనవచ్చు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఇంట్లో చదువుకున్నవాడు అనే పేరు మీ ఒక్కరికే ఉండి, అది ఒక సాయంత్రం పూట మీ కళ్ళ ముందే చేతులు మారుతుంటే అప్పుడు అనండి, వింటాను.

నేను దస్తావేజు లేఖరిని. నిళా నది ఒడ్డున ఉన్న మా చిన్న పట్నంలో సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా ఒక పెంకుల వరండా ఉంది. అందులో ఐదు బల్లలు. మొదటి బల్ల నాది, గోవిందన్‌కుట్టిది. ముప్ఫై ఒక్కేళ్ళు ఆ బల్ల మీద తల వంచి మూడు తాలూకాల పొలాలు, కొబ్బరి తోటలు, అన్నదమ్ముల పంపకాలు రాశాను. నా అక్షరం చూసి ఇది అచ్చు వేయించారా అని అడిగిన వకీళ్ళున్నారు. ఇడవం నెలలో, జూన్ మొదట్లో, మొదటి వానతోపాటే ఆఫీసు గోడ మీద ఒక నోటీసు వచ్చింది. చింగం నెలాఖరు దాటితే, అంటే సెప్టెంబరు సగం నుంచి, చేతిరాత దస్తావేజులు తీసుకోరు. అన్నీ కంప్యూటర్లోనే తయారు కావాలి. లేఖరులందరూ ఏదైనా కాలేజీ నుంచి ప్రాథమిక కంప్యూటర్ సర్టిఫికెట్ తెచ్చి చూపించాలి. లేనివాళ్ళ లైసెన్సు అక్కడితో సరి.

"ఆశానే, ఇంక మీ అక్షరాల్ని అద్దాల పెట్టెలో పెట్టి టికెట్టు పెడదాం," అన్నాడు రెండో బల్ల వర్గీస్. ఆశాన్ అంటే గురువు. వాడి నోట్లో ఆ మాటకి ఎప్పుడూ కొంచెం ఎగతాళి అంటుకునే ఉంటుంది.

"ముందు నీ నోటిని పెట్టు, జనం విరగబడి వస్తారు," అన్నాను. అన్నానే కానీ, వాడు అటు తిరగ్గానే నోటీసు మళ్ళీ చదివాను.

కోయంబత్తూరులో ఉండే మా అమ్మాయి ఇందు తన పాత లాప్‌టాప్ పంపించింది. కాలేజీ ఒకటి వెతికి, పది వారాల ఆన్‌లైన్ కోర్సుకి డబ్బు కూడా తనే కట్టింది. ఆ తరవాత అచ్ఛన్‌కి, అంటే నాన్నకి, ఫోన్ చేసి చెప్పింది.

"అచ్ఛా, అమ్మని కూడా చేర్పించాను."

"అమ్మకెందుకే? అమ్మ ఏ దస్తావేజు రాయాలి?"

"ఇంట్లో ఇద్దరు చేరితే రెండోవాళ్ళకి ఫీజు లేదు. మీరొక్కరే కూచుంటే మూడో రోజుకి లాప్‌టాప్ బావిలో ఉంటుంది. ఉత్తరాలు రావడానికి మీ పేరు మీద ఒక ఈమెయిల్ పెట్టాను. ఇద్దరివీ దానికే వస్తాయి."

అలా సౌదామిని నా తోడుగా, ఉచితంగా, నా వెనకాల చేరింది. పదో తరగతి దాకా చదివింది. కుట్టు మిషను తొక్కుతుంది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళ సంఘంలో మీటింగు పుస్తకం రాస్తుంది. అంతే.

క్లాసు సాయంత్రం ఐదింటికి. టీచరు పేరు ఫర్హాన, మా ఇందు కన్నా చిన్నది. తెర మీద పెట్టెలు పెట్టెలుగా ఇరవైమంది మొహాలు కనపడేవి. బస్సు కండక్టరు ఒకతను, ఆయుర్వేద మందుల కొట్టావిడ, ఒక పూజారి, మా వరండా నుంచి ఐదుగురు లేఖరులు. మా ఇద్దరిదీ ఒకే పెట్టె. నేను మధ్యలో కూచునేవాణ్ణి. సౌదామిని పక్కన స్టూలు వేసుకుని, సగం మొహమే కనపడేటట్టు కూచునేది.

మొదటి రోజు మౌస్ జరుపుతూ పోయాను. బల్ల అయిపోయింది. బాణం గుర్తు ఇంకా తెర మధ్యలోనే ఉంది.

"బల్ల చాల్లేదు," అన్నాను. "రేపు వరండాలోంచి పెద్ద బల్ల తెస్తాను."

సౌదామిని చెయ్యి చాపి, మౌస్‌ని పైకెత్తి, మళ్ళీ బల్ల మధ్యలో పెట్టి జరిపింది. బాణం వెళ్ళి మూల కూచుంది.

"నీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలి ఏట్టా? గుడ్డ పొడుగైతే మిషను పెద్దది కొంటామా? గుడ్డే వెనక్కి లాక్కుంటాం." ఏట్టా అంటే మా వైపు భార్య భర్తని పిలిచే పిలుపు.

తెరలో ఫర్హాన టీచరు చప్పట్లు కొట్టింది. "చూశారా అందరూ? సౌదామిని చేచ్చి చెప్పిందే కరెక్టు." ఇరవైమంది మొహాలు నా పక్కనున్న సగం మొహాన్ని చూశాయి. మొదటి రోజే ఆమె అందరికీ చేచ్చి, అంటే అక్క, అయిపోయింది. ఆ రాత్రి కంజి అన్నంలో ఉప్పు తక్కువైందని విసుక్కున్నాను.

"ఉప్పు సరిపోయింది," అంది సౌదామిని తాపీగా. "మీ నోరే ఇవాళ బాగాలేదు."

రెండో వారం ఇంటిపనిగా ఒక ఉత్తరం టైపు చేసి పంపమన్నారు. పంచాయతీ కార్యదర్శికి వీధి దీపం గురించి. రాత విషయంలో నన్ను మించినవాడు ఆ తెరలో లేడనే నమ్మకం నాది. సౌదామినిని వంటింట్లోకి పొమ్మని, మూడు గంటలు కూచుని, ఒక్కో మీట వెతికి నొక్కి, ఉత్తరం పూర్తిచేశాను.

మా వృత్తిలో ఒక పద్ధతుంది. దస్తావేజులో తప్పు పడితే చెరపకూడదు. చెరిపితే అక్కడ ముందు ఏముండేదో అని రేపు కోర్టులో అడుగుతారు. తప్పు మాట మీద అడ్డగీత గీసి, పక్కన సరైన మాట రాసి, చివర్లో కొట్టివేతలు ఎన్నో, ఏ వరసలో ఏ మాటో లెక్క రాసి ఒప్పుకోవాలి. వరస చివర ఖాళీ మిగిలితే అక్కడ ఎవరూ ఏమీ ఇరికించకుండా గీత లాగాలి. ముప్ఫై ఒక్కేళ్ళ అలవాటు. చెరిపే మీట ఏదో నాకు టీచరు చూపించింది. నేనే వాడలేదు. అడ్డగీత గీసే బొత్తం ఎక్కడుందో మాత్రం కష్టపడి వెతికి పట్టుకున్నాను.

మర్నాడు క్లాసులో ఫర్హాన టీచరు నా ఉత్తరం తెర మీద పెట్టింది. పన్నెండు వరసల ఉత్తరం, తొమ్మిది అడ్డగీతలు, ప్రతి వరస చివరా కుడి అంచు దాకా గీతలు. అడుగున ఇలా ఉంది: "పై ఉత్తరములో మూడవ వరసలో 'దిపం' అను మాట, ఐదవ వరసలో 'స్తంబం' అను మాట మొదలగు తొమ్మిది కొట్టివేతలు నాచే చేయబడినవి, ఇవి తప్ప వేరు కొట్టివేతలు లేవు."

"గోవిందన్‌కుట్టి చేట్టా, చెరిపేస్తే సరిపోయేది కదా?" అని అడిగింది టీచరు. పాపం, అన్నగారూ అన్నట్టు చేట్టా అని మర్యాదగానే అడిగింది.

"తప్పు చేశాక అది కనపడాలి టీచర్. కనపడకుండా చేస్తే మోసం."

ముందు కండక్టరు పకపకా నవ్వాడు. వెనకనే అందరూ. వర్గీస్ అయితే కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. నాకు వాళ్ళ నవ్వు పెద్దగా పట్టలేదు. పక్కకి తిరిగి చూస్తే సౌదామిని కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఊగిపోతోంది. పట్టింది అదే.

"నీకంత నవ్వెందుకొచ్చింది?" అన్నాను క్లాసయ్యాక.

"ఆ ఖాళీల్లో గీతలేమిటి ఏట్టా! వీధి దీపం ఉత్తరంలో ఎవరొచ్చి ఏం ఇరికిస్తారు?" అని మళ్ళీ నవ్వింది.

ఇడవం పోయి మిథునం నెల వచ్చేసరికి మా ఇంటి ఫోను నాది కాకుండా పోయింది. కండక్టరు ఫోన్ చేస్తాడు. "చేట్టా, చేచ్చి ఉందా? ఫైలు ఎక్కడ దాచానో కనపడట్లేదు." మందుల కొట్టావిడ చేస్తుంది. పూజారి గుళ్ళోంచి చేస్తాడు, వెనక గంట కూడా వినపడుతుంది. చివరికి వర్గీస్ కూడా.

"ఆశానే, భోజనమైందా?"

"అయింది. నీకేం కావాలి?"

"ఏం లేదు. సౌదామిని చేచ్చికి ఇస్తారా ఒక్క నిమిషం?"

పొద్దుటి నుంచీ నా పక్క బల్ల మీదే కూచునే మనిషి. నన్ను అడగొచ్చు కదా, అడగడు. నేను ఫోను ఆమె చేతికిచ్చి అక్కడే నిలబడేవాణ్ణి. ఆమె కూరగాయలు తరుగుతూ, కళ్ళు మూసుకుని, చూడకుండానే చెప్పేది. "ఎడమ చేతి వైపు పైన మూల చూడు వర్గీసూ. కనపడిందా? నొక్కు. రెండుసార్లు కాదు, ఒక్కసారే." ఆ గొంతులో ఒక పెద్దరికం వచ్చింది. అది వరండాలో మొదటి బల్ల మీద కూచున్నప్పుడు నా గొంతులో ఉండేది.

మిథునం తరవాతి కర్కిడకం నెలంతా ఊళ్ళో జరిగే రామాయణ పారాయణకి ఏ రోజు ఎవరింట్లో ఎవరు చదవాలో ఒక పట్టిక చేసింది. గళ్ళు గీసి, రంగులు నింపి, ముప్ఫై రోజులు ఒక్క పేజీలో ఇమిడేటట్టు చేసింది. ఫర్హాన టీచరు దాన్ని క్లాసుకంతా చూపించి, ఇలా చేయాలి అంది. ఊళ్ళో ముగ్గురి ఇళ్ళలో గోడ మీద అతికించుకున్నారు. నేను పొద్దున్నే ఆమె లేవకముందే లేచి, ఆ పట్టికలాంటిదే చేయాలని గంటసేపు తంటాలు పడేవాణ్ణి. నా గళ్ళు ఒకటి జానెడు, ఒకటి వేలెడు. మూసేసి, ఏమీ ఎరగనట్టు పేపరు చదువుతూ కూచునేవాణ్ణి. నాకు ఈర్ష్యగా ఉందని నాకు తెలుసు. పరాయివాడి మీద అయితే ఎవరితోనైనా చెప్పుకుని తేలికపడొచ్చు. కంచంలో అన్నం పెట్టే మనిషి మీద ఈర్ష్యని ఎవరితో చెప్పుకోను?

ఒక రోజు వర్గీస్ టీ గ్లాసు పట్టుకుని నా బల్ల దగ్గరికొచ్చాడు. ఈసారి మొహంలో ఎగతాళి లేదు.

"ఆశానే, మేం నలుగురం మాట్లాడుకున్నాం. సర్టిఫికెట్లు వస్తాయి సరే, రోజుకి పది దస్తావేజులు టైపు చేయడం మావల్ల కాదు. చేచ్చి ఇక్కడే ఆ చివర ఒక బల్ల వేసుకుంటే మా అందరి పనీ చేయొచ్చు. చేచ్చికీ సర్టిఫికెట్ ఉంటేనే రిజిస్ట్రారు ఒప్పుకుంటాడు. చేచ్చి ఇష్టమేనంది."

"అప్పుడే అడిగేశారా?"

"నిన్న ఫోన్లో." టీ ఒక గుక్క తాగి, "మీ బల్లకి కూడా చేస్తుందిలెండి," అన్నాడు.

ఇంటికెళ్ళి గొడుగు విసిరి మూలకేశాను. సౌదామిని పప్పడాలు ఎండబెట్టడానికి ఎండ కోసం ఆకాశం చూస్తోంది.

"వర్గీసు దగ్గర పనికి కుదిరావట."

"వర్గీసు దగ్గర కాదు, నా బల్ల దగ్గర," అంది. తరవాత నా మొహం చూసి గొంతు తగ్గించింది. "మీతో ఇవాళ చెబుదామనుకున్నా ఏట్టా. నాకు చాలా ఆశగా ఉంది. పదో తరగతి తరవాత నా పేరు మీద ఒక కాగితం వస్తే ఇదే రావాలి. అది చూపించి ఒక చోట కూచోవాలి. మీరు వద్దంటారా?"

"నేనెందుకు వద్దంటాను?" అన్నాను.

వద్దనలేదు. అనడానికి నాకు ఒక్క కారణమూ దొరకలేదు. వరండాలో ఆ చివర బల్ల, దాని ముందు జనం, "చేచ్చీ, చేచ్చీ" అంటూ నలుగురు లేఖరులు, ఈ చివర మొదటి బల్ల మీద నేను. అదే కళ్ళ ముందు ఆడింది.

చివరి పరీక్ష కర్కిడకం ఆఖరి వారంలో. ఎవరి పరీక్ష రోజు వాళ్ళే ఎంచుకోవాలి. దానికి కాలేజీ నుంచి ఒక్కొక్కరికీ ఒక ఉత్తరం వస్తుంది. అందులోని లింకు నొక్కి, పేజీ తెరిచి, రోజు ఎంచుకోవాలి. శుక్రవారం సాయంత్రం ఐదింటితో ఆఖరు. "పేర్ల ఇంగ్లీషు అక్షరాల వరసలో పంపుతున్నాం. ఆలస్యమైతే కంగారుపడి ఫోన్లు చేయకండి," అని టీచరు ముందే చెప్పింది. నాది బుధవారం వచ్చింది. సౌదామినే పక్కన కూచుని సోమవారం పొద్దున పది గంటలు ఎంచిపెట్టింది.

గురువారం కుండపోత. ఆఫీసులో కరెంటు పోయి రిజిస్ట్రేషన్లు ఆపేశారు. పదిన్నరకల్లా ఇల్లు చేరాను. సౌదామిని పారాయణకి పక్కింటికి వెళ్ళింది. కిటికీలోంచి ఆమె గొంతు వినపడుతూనే ఉంది, వాన చప్పుడు మీదుగా, తప్పు లేకుండా. నేను లాప్‌టాప్ తెరిచాను. చదవని ఉత్తరాలు లావు అక్షరాల్లో ఉంటాయని, చదివాక సన్నబడతాయని మొదటి నెలలోనే నేర్చుకున్నాం. అన్నిటికన్నా పైన ఒక్క ఉత్తరం లావుగా ఉంది. ఆమె పేరు మీద.

తెరిచాను. లింకు నొక్కాను. రోజులూ గంటలూ వరసగా ఉన్న పేజీ వచ్చింది. అన్నీ ఖాళీగా ఉన్నాయి. ఏ రోజు ఎంచుకుంటుందో అనుకుంటూ కాసేపు చూశాను. ఏమీ ఎంచుకోకుండా మూసేశాను. ఉత్తరం సన్నబడింది. నిన్నటి ఉత్తరాలలో కలిసిపోయింది.

అప్పటికి నేనేమీ అనుకోలేదని చెబితే అబద్ధం. వచ్చాక చెబుదామని అనుకున్నాను. వచ్చాక చెప్పలేదు. సాయంత్రం చెబుదాంలే అనుకున్నాను.

శుక్రవారం నాలుగింటికి సౌదామిని చేతులు తుడుచుకుంటూ వచ్చి నా భుజం మీదుగా తెర చూసింది.

"లావు అక్షరాలేం లేవుగా ఏట్టా?"

"లేవు," అన్నాను.

ఉన్న మాటే. అబద్ధం ఆడకుండా నిజం దాచే పదాలు నాకు తెలిసినన్ని ఆ తాలూకాలో ఇంకెవరికీ తెలియవు.

"ఎస్ వరస ఆలస్యమైతే గడువు వాళ్ళే పెంచుతారులే," అని వెళ్ళిపోయింది. వెళుతూ పారాయణలో పాడిన వరసే లోపల్లోపల పాడుకుంటోంది. గోడ మీద గడియారం ఐదు కొట్టేదాకా అక్కడే కూచున్నాను. ఒక్క నొక్కు చాలు, నా చేతి కిందే మౌస్ ఉంది.

సోమవారం నా పరీక్ష అయింది. కెమెరాలో ఫర్హాన టీచరు చూస్తుండగా, గదిలో ఒంటరిగా, చివరి నిమిషం దాకా పెనుగులాడి గట్టెక్కాను. బయటికొస్తే సౌదామిని పాలు లేకుండా అల్లం వేసిన కట్టన్ చాయ గ్లాసు పట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉంది. "రెండో ప్రశ్న వచ్చిందా? గళ్ళు గీశారా?" అని నాకన్నా ఆత్రంగా అడిగింది. గ్లాసు పుచ్చుకుని తాగకుండానే కిటికీలో పెట్టాను. వేడిగా ఉందన్నాను.

మంగళవారం పొద్దున వర్గీస్ ఫోన్ చేశాడు. గురువారం తన పరీక్షట, చేచ్చిది ఎప్పుడని అడిగాడు. సౌదామిని ఫోను పెట్టేసి నిలబడిపోయింది.

"వర్గీసుకి వచ్చిందట ఏట్టా. వి కన్నా ఎస్ ముందే కదా?"

అప్పటికప్పుడే టీచరుకి చేసింది. చేతులు తడిగా ఉన్నాయని ఫోను స్పీకరులో పెట్టి బల్ల మీద ఉంచింది. నేను ఎదురుగా పేపరు పట్టుకుని కూచుని ఉన్నాను.

"మీకు పంపాం చేచ్చీ," అంది ఫర్హాన టీచరు. "మీ పేజీ తెరిచారు కూడా. గురువారం పదకొండు పదికి తెరిచినట్టుంది. రోజు మాత్రం ఎంచుకోలేదు. శుక్రవారంతో మూసేశాం."

సౌదామిని నా వైపు తిరిగింది. గురువారం పదకొండు పదికి తను ఎక్కడుందో ఆమెకి తెలుసు, నాకు తెలుసు, పక్కింటి గోడ మీద అతికించిన ఆమె పట్టికకీ తెలుసు.

"చేచ్చీ, వింటున్నారా? మీరే తెరిచారా? ఎందుకడుగుతున్నానంటే, ఒకళ్ళకొచ్చింది ఇంకొకళ్ళు కావాలని తెరిచి దాచితే అది కమిటీకి వెళ్తుంది. వాళ్ళ సర్టిఫికెట్ ఆపేస్తారు. అలాంటిదేమైనా ఉందా?"

నేను పేపరు మడిచాను. మళ్ళీ విప్పాను. ఆమె నా మొహం మీంచి చూపు తిప్పలేదు.

"లేదు టీచర్," అంది. "నేనే తెరిచుంటాను. తెరిచి మర్చిపోయుంటాను. వయసు కదా."

"అయ్యో చేచ్చీ! క్లాసులో అందరికన్నా మీరే... నేనేం చేయలేను. దసరా పూజ సెలవుల తరవాత కొత్త బ్యాచి ఉంటుంది."

"సరే టీచర్." ఫోను తీసి కొంగుతో తుడిచి, దాని చోట పెట్టి, వంటింట్లోకి వెళ్ళింది. కాసేపటికి కొబ్బరి తురుముతున్న చప్పుడు వినపడింది.

నిలదీస్తుందనుకున్నాను. ఆ రోజు గడిచింది, తరవాతి రోజూ గడిచింది, ఒక్క మాట అనలేదు. వేళకి అన్నం పెట్టింది, నా చొక్కాకి ఊడిన బొత్తం కుట్టింది. ఈలోపు కబురు ఊరంతా పాకింది. కండక్టరు బస్సు ఆపి మరీ మా గుమ్మంలోకి వచ్చి ఓదార్చి వెళ్ళాడు. వరండాలో వర్గీస్ తల అడ్డంగా ఊపాడు. "తనదే తప్పని ఎంత నిబ్బరంగా ఒప్పుకుంది ఆశానే! మనమైతే కాలేజీని తిట్టేవాళ్ళం. అదృష్టవంతులు మీరు."

చెబితే నమ్మరు, అప్పుడు కూడా నాకు ముందు సిగ్గు కాదు, కడుపు మండింది. పరీక్ష పోగొట్టింది నేను. అయినా పరువు మళ్ళీ ఆమెకే దక్కింది. నా సర్టిఫికెట్ ఆమె నాకు పెట్టిన భిక్ష అయింది, అది ఆమె నోరు తెరిచి అనను కూడా అనదు. అంటే నాలుగు మాటలు నేనూ అనేవాణ్ణి. ఆ గొప్పతనం ఒక్కటైనా ఆమె దగ్గర్నించి లాక్కోవాలని నేను లాప్‌టాప్ ముందు కూచున్నాను. అందులో సిగ్గు ఎంతో, పశ్చాత్తాపం ఎంతో విడదీసి చెప్పడం నావల్ల కాదు.

ఫర్హాన టీచరుకి ఉత్తరం రాశాను. ఎవరి సాయమూ లేకుండా టైపు చేసిన మొదటి ఉత్తరం. ఆ పేజీ తెరిచింది నా భార్య కాదని, నేనని రాశాను. టీచరు చెప్పేదాకా ఆమెకి ఆ సంగతి తెలియదని, నా మీద గౌరవంతో తన మీద వేసుకుందని రాశాను. ఆమెకి పరీక్ష పెట్టమని వేడుకున్నాను. ఒక మాట దగ్గర మాత్రం ఆగాను. టీచరు "కావాలని" అంది కదా. ఒక్క మాటతో ఎకరాలు చేతులు మారడం నేను చూశాను. కళ్ళు సరిగా ఆనక, నాది అనుకుని, పొరపాటున తెరిచానని రాశాను. పంపించేశాను.

గంటలో ఫోను మోగింది. ఈసారి నాకే.

"చేట్టా, మీ ఉత్తరం చదివి నాకు కళ్ళనీళ్ళొచ్చాయి," అంది టీచరు. "తప్పు కనపడాలి అన్నారు కదా మీరు ఆ రోజు. అందరం నవ్వాం. నన్ను క్షమించండి. ప్రిన్సిపాల్ గారు ఒప్పుకున్నారు, చేచ్చికి శనివారం పరీక్ష."

పది వారాల కోర్సులో టీచరు నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే.

శనివారం సౌదామిని పరీక్ష రాస్తున్నంతసేపూ నేను బయట అరుగు మీద కూచున్నాను. వాన వెలిసింది. వీధిలో పిల్లలు ఓణం ముగ్గులకి తుమ్మి పూలు కోసుకుంటున్నారు. ఇచ్చిన సమయంలో సగమైనా కాకముందే ఆమె తలుపు తీసింది. వారం తిరక్కుండా ఇద్దరి సర్టిఫికెట్లూ వచ్చాయి. నాకు నూటికి యాభై రెండు. ఆమెకి తొంభై నాలుగు. ఇందు ఫోనులో అరిచిన అరుపు పక్కింటిదాకా వినపడింది.

ఆ మధ్యాహ్నమే సౌదామిని లాప్‌టాప్ ముందు, మధ్యలో, నేను కూచునే కుర్చీలో కూచుంది. నేను స్టూలు లాక్కున్నాను.

"ఏం చేస్తున్నావు?"

"నాకో ఈమెయిల్ పెట్టుకుంటున్నా. వరండాకి వెళితే కావాలిగా."

"ఒకటుంది కదా మనకి?"

"అది మీది." చేతులు ఆగలేదు, టకటకా కొడుతూనే ఉంది. తెర మీంచి కళ్ళు తీయకుండానే అంది. "మీరు టీచరుకి పంపిన ఉత్తరం చదివాను. పంపినవన్నీ దాంట్లోనే ఉంటాయి ఏట్టా, మీకు తెలిసుండదు."

నేను స్టూలు వెనక్కి జరిపాను. "సర్టిఫికెట్ ఆపేస్తారని... అలా రాయక తప్పలేదు."

"బాగా రాశారు. ఏ కోర్టులోనూ పట్టుబడదు." గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండుననిపించింది. "నాకు మటుకు ఆ మాట చెప్పకండి, చాలు. పొరపాటున అని."

చెప్పలేదు. ఏదో ఒకటి చెప్పాలని ముందుకి వంగాను. తెర మీద ఒక ఖాళీ గడి కనపడింది, అందులో గీత ఒకటి మిణుకుమిణుకుమంటోంది. ఆమె చేతులు మీటల మీదికి వెళ్ళి ఆగిపోయాయి.

"కొంచెం అటు తిరగండి," అంది.

"ఏం?"

"పాస్‌వర్డు."

ఇరవై ఎనిమిదేళ్ళు ఒకే గదిలో కాపురం చేశాం. ఆమె బట్టలు మార్చుకునేటప్పుడు కూడా నన్ను ఎప్పుడూ అటు తిరగమనలేదు. స్టూలు మీద నెమ్మదిగా వెనక్కి తిరిగి గోడ చూస్తూ కూచున్నాను. వెనక మీటల చప్పుడు మొదలైంది. వద్దు వద్దనుకుంటూనే లెక్కపెట్టాను. ఎనిమిది. నా పేరుకి ఎనిమిది చాలవు. మా అమ్మాయి పేరుకి అన్ని అక్కర్లేదు. మరి ఎవరి పేరో, ఏం మాటో అని గోడకేసి చూస్తూ వెతుకుతూనే ఉన్నాను.

"ఇంక తిరగొచ్చు," అంది సౌదామిని. నేను వెంటనే తిరగలేకపోయాను.